మీ మీద క్రిమినల్ కేసు నమోదైతే: ఎఫ్ఐఆర్ నుంచి తీర్పు దాకా ఏం చేయాలి, ఏం చేయకూడదు

"కేసు పెట్టారు, ఇప్పుడేం చేయాలి" అని అడిగేవాళ్లలో చాలామంది అప్పటికే ఏదో ఒకటి చేసేసి ఉంటారు. ఫిర్యాదు చేసినవాళ్లకి ఫోన్ చేసి గొడవపడి ఉంటారు, భయంతో వాట్సాప్ చాట్ డిలీట్ చేసి ఉంటారు, లేదా స్టేషన్‌లో "ఇక్కడ ఒక సంతకం పెట్టేసి వెళ్లిపో" అంటే చదవకుండా పెట్టేసి ఉంటారు. అసలు ఆరోపణలో బలం ఉందా లేదా అన్నది తర్వాత సంగతి, మొదటి వారంలో నిందితుడు చేసిన ఇలాంటి పనులే చాలా కేసుల్ని బిగిస్తాయి. అందుకే ఈ మార్గదర్శిలో మొదటి రోజుల గురించే ఎక్కువ రాశాను.

ఇదంతా మన దేశంలో, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టాల ప్రకారం. ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత, సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చాయి. కింద నేను చెప్పే సెక్షన్ నంబర్లు ఈ సురక్షా సంహితవి. ఆ తేదీకి ముందు జరిగిన నేరమైతే సెక్షన్లు ఐపీసీవే ఉంటాయి, కంగారు పడొద్దు.

1. ముందు కేసు నిజంగా ఉందో లేదో తేల్చుకోండి

ఫోన్ చేసి "మీ మీద కేసు ఉంది, వీడియో కాల్‌లోనే ఉండండి, మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేస్తున్నాం" అంటే అది మోసం. చట్టంలో డిజిటల్ అరెస్టు అనేదే లేదు. ఫోన్ పెట్టేసి 1930కి చెప్పండి.

కేసు నిజమైతే దానికో క్రైమ్ నంబర్, ఒక పోలీస్ స్టేషన్ పేరు ఉంటాయి. ముందు ఎఫ్ఐఆర్ కాపీ సంపాదించండి. లైంగిక నేరాలు, పోక్సో, ఉగ్రవాదం లాంటి సున్నితమైనవి తప్ప మిగతా ఎఫ్ఐఆర్‌లని 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. రాష్ట్ర పోలీసు వెబ్‌సైట్‌లో జిల్లా, స్టేషన్ ఎంచుకుని వెతకండి. దొరక్కపోతే నిందితుడిగా మీరే స్టేషన్‌లో గానీ, లాయర్ ద్వారా కోర్టులో గానీ కాపీకి దరఖాస్తు చేయొచ్చు.

కాపీ చేతికొచ్చాక ఇవి చూడండి:

- ఏ సెక్షన్లు పెట్టారు, వాటికి గరిష్ఠ శిక్ష ఎంత (ఏడేళ్ల లోపా, పైనా అన్నది చాలా ముఖ్యం)
- అవి బెయిలబుల్ సెక్షన్లా (బెయిల్ హక్కుగా వచ్చేవి), నాన్ బెయిలబులా (ఇవ్వాలా వద్దా అని కోర్టు తేల్చేవి)
- ఘటన ఎప్పుడు జరిగిందంటున్నారు, ఫిర్యాదు ఎప్పుడు ఇచ్చారు, మధ్యలో ఎన్ని రోజుల తేడా ఉంది
- మీ పేరు ఏ1గా (మొదటి నిందితుడిగా) ఉందా, ఏ4గా ఉందా, అసలు మీరు ఏం చేశారని రాశారు

ఈ చివరి దాన్ని రెండుసార్లు చదవండి. కుటుంబం మొత్తాన్నీ చేర్చిన ఫిర్యాదుల్లో ఫలానా మనిషి ఫలానా పని చేశాడని ఒక్క వాక్యం కూడా ఉండకపోవచ్చు. ముందుముందు అదే మీకు పెద్ద ఆధారం అవుతుంది.

2. క్రిమినల్ కేసులు చూసే లాయర్‌ని ఆ రోజే కలవండి

తెలిసిన లాయర్ ఉన్నాడు కదా అని భూమి తగాదాలు చూసే ఆయన దగ్గరికి పరిగెత్తకండి. అదే కోర్టులో రోజూ క్రిమినల్ కేసులు నడిపే మనిషి కావాలి.

ఆయనకి నిజం చెప్పండి. మీకు ఇబ్బందిగా ఉన్న విషయం ముందు చెప్పండి. మీరు లాయర్‌కి చెప్పింది ఆయన మీ అనుమతి లేకుండా బయటపెట్టకూడదు, ఆ రక్షణ చట్టంలోనే ఉంది. ఆయన దగ్గర దాచిపెట్టింది రేపు కోర్టులో అవతలి వైపు నుంచి బయటికి వస్తే అక్కడికక్కడ సర్దుకోవడం ఎవరి తరమూ కాదు.

ఫీజు ఎంత, అందులో బెయిల్ వరకేనా ట్రయల్ కూడానా అన్నది మొదటే మాట్లాడుకోండి. వకాలత్ (మీ తరఫున వాదించే అధికారం లాయర్‌కి ఇచ్చే పత్రం) ఖాళీగా ఉండగా సంతకం పెట్టొద్దు. "ఎస్సై మనవాడే, ఇంత ఇస్తే పేరు తీయించేస్తా" అనే బ్రోకర్ ఎంత దగ్గరివాడైనా డబ్బు ఇవ్వొద్దు. ఆ డబ్బు పోవడమే కాదు, కొత్త కేసు కూడా తగులుకోవచ్చు.

డబ్బు లేదనుకోండి, 15100కి ఫోన్ చేయండి. అది న్యాయ సేవల హెల్ప్‌లైన్. మహిళలకి, పిల్లలకి, ఎస్సీ, ఎస్టీలకి, కస్టడీలో ఉన్న ఎవరికైనా ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయర్ దొరుకుతారు. మిగతావాళ్లకి ఆదాయ పరిమితి ఉంది. జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, మండల స్థాయి కోర్టుల్లో మండల న్యాయ సేవా కమిటీ ఉంటుంది.

3. మొదటి మూడు రోజులు: నోరు కట్టుకోండి, కాగితాలు పోగేయండి

చేయకూడనివి ముందు చెప్తాను, ఎందుకంటే నష్టం అక్కడే జరుగుతుంది.

- ఫిర్యాదు చేసినవాళ్లకి ఫోన్, మెసేజ్, మధ్యవర్తులు, ఏదీ వద్దు. మీరు బతిమాలినా సరే, సాక్షిని బెదిరించాడని రాయించే వీలుంటుంది, బెయిల్ అక్కడే దెబ్బతింటుంది. రాజీ మాటలుంటే లాయర్ల మధ్యే నడవాలి.
- ఫేస్‌బుక్‌లో, వాట్సాప్ గ్రూపుల్లో మీ వైపు కథ చెప్పొద్దు. ఆ స్క్రీన్‌షాట్లన్నీ ఫైల్లోకి చేరతాయి.
- ఫోన్‌లో ఏదీ డిలీట్ చేయొద్దు. సాక్ష్యాన్ని మాయం చేయడం విడిగా ఒక నేరం. పైగా మీకు పనికొచ్చే మెసేజ్‌లు కూడా దాంతోపాటే పోతాయి.
- ఊరు విడిచి, ఫోన్ ఆపేసి పోవద్దు. "పరారీలో ఉన్నాడు" అన్న ఒక్క మాట చాలు, బెయిల్ కష్టమైపోతుంది.

ఇక చేయాల్సింది. ఒక నోట్‌బుక్ తీసుకుని ఆ రోజు ఏం జరిగిందో గంటల వారీగా రాయండి: ఎక్కడున్నారు, ఎవరు చూశారు, ఎవరితో ఫోన్ మాట్లాడారు. ఆరు నెలల తర్వాత ఇంత వివరంగా గుర్తుండదు. పైన "నా లాయర్ కోసం" అని రాసి ఆయనకి తప్ప ఎవరికీ చూపించకండి.

సీసీటీవీ మీకు అనుకూలంగా ఉంటుందనిపిస్తే ఒక్క రోజు కూడా ఆగొద్దు. చాలా కెమెరాల్లో పాత రికార్డింగ్ మీద కొత్తది పడిపోతూ ఉంటుంది. ఆ షాపు లేదా అపార్ట్‌మెంట్ వాళ్లకి ఫలానా తేదీ, ఫలానా సమయం ఫుటేజీ భద్రపరచమని రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. వాళ్లు ఇవ్వకపోతే తెప్పించమని కోర్టులో పిటిషన్ వేయొచ్చు. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కోర్టులో సర్టిఫికెట్ కూడా కావాలి కాబట్టి, కాపీ ఎవరు తీశారు, ఏ పరికరం నుంచి తీశారు అన్నది రాసిపెట్టుకోండి.

4. పోలీసు నోటీసు వస్తే

ఏడేళ్ల వరకు శిక్ష ఉండే నేరాల్లో అరెస్టు అవసరం లేదని పోలీసులు అనుకుంటే సెక్షన్ 35(3) కింద హాజరు కమ్మని నోటీసు ఇవ్వాలి. పాత చట్టంలో ఇది 41ఏ నోటీసు, స్టేషన్లలో ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తారు. ఆ నోటీసు ఇచ్చి ఇంటికి పంపించేయడాన్నే చాలామంది "స్టేషన్ బెయిల్ ఇచ్చారు" అంటుంటారు. ఈ నోటీసుని వాట్సాప్‌లో పంపితే సరిపోదని సుప్రీంకోర్టు 2025లో చెప్పింది. అలాగని వాట్సాప్‌లో వచ్చిందాన్ని పట్టించుకోకుండా వదిలేయొద్దు, వెంటనే లాయర్‌కి పంపండి.

నోటీసు ప్రకారం హాజరవుతూ సహకరిస్తే, కారణాలు రాసి చూపిస్తే తప్ప ఆ నేరానికి అరెస్టు చేయకూడదు. వెళ్లకపోతే ఆ రక్షణ పోతుంది. అందుకే తేదీ కుదరకపోతే మానేయడం కాదు, కారణం చూపించి వేరే తేదీ ఇవ్వమని రాసి ఇవ్వండి.

స్టేషన్‌కి వెళ్లే రోజు:

- నోటీసు కాపీ, గుర్తింపు కార్డు, వీలైతే లాయర్ కూడా
- ఇంట్లో ఒకరికి ఎక్కడికి, ఎప్పుడు వెళ్తున్నారో చెప్పి వెళ్లండి
- పేరు, చిరునామా దాచొద్దు. మీకు మీరే నేరం అంటగట్టుకునే ప్రశ్నకి "లాయర్‌తో మాట్లాడి చెప్తాను" అనొచ్చు, రాజ్యాంగం 20(3) అధికరణం ఇచ్చిన హక్కు అది
- అబద్ధం మాత్రం చెప్పొద్దు. మౌనంగా ఉండటం వేరు, కథ అల్లడం వేరు
- దర్యాప్తులో పోలీసులు రాసుకునే వాంగ్మూలం మీద మీరు సంతకం పెట్టాల్సిన పనిలేదు. ఖాళీ కాగితం మీదైతే ఏ పరిస్థితిలోనూ వద్దు
- హాజరైనట్టు మీ నోటీసు కాపీ మీద తేదీతో రాయించుకోండి

5. అరెస్టు చేస్తే

గట్టిగా వాదించొద్దు, పారిపోవద్దు, చేయి విదిలించొద్దు. పోలీసుల విధులకి ఆటంకం అనే ఇంకో సెక్షన్ తోడవుతుంది. అరెస్టు తప్పనుకుంటే దాన్ని కోర్టులో తేల్చుకోవచ్చు, రోడ్డు మీద తేలదు.

మీకు రావాల్సినవి ఇవి: అరెస్టు కారణాలు రాతపూర్వకంగా, మీకు అర్థమయ్యే భాషలో, మీరు చెప్పిన ఒక బంధువుకో స్నేహితుడికో కబురు, లాయర్‌ని కలిసే అవకాశం, వైద్య పరీక్ష, ప్రయాణ సమయం పోగా 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు హాజరు. అసాధారణ పరిస్థితిలో, మేజిస్ట్రేట్ ముందస్తు అనుమతితో మహిళా అధికారి చేస్తే తప్ప సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు మహిళల్ని అరెస్టు చేయకూడదు. మూడేళ్ల లోపు శిక్ష ఉండే నేరంలో అరవై దాటినవాళ్లని, అనారోగ్యంతో ఉన్నవాళ్లని డీఎస్పీ స్థాయి అధికారి అనుమతి లేకుండా అరెస్టు చేయకూడదు.

అరెస్టు మెమో (అరెస్టు వివరాలు రాసే కాగితం) మీద సంతకం పెట్టేముందు ఒక్క గడి మాత్రం తప్పకుండా చూడండి: అరెస్టు చేసిన సమయం. పొద్దున్న ఆరింటికి ఇంటి నుంచి తీసుకెళ్లి, మెమోలో సాయంత్రం ఐదని రాస్తే 24 గంటల లెక్క మారిపోతుంది. అలా రాసి ఉంటే మీ సంతకం పక్కనే అసలు సమయం రాయండి. రాయనివ్వకపోతే గుర్తుపెట్టుకుని మేజిస్ట్రేట్‌కి చెప్పండి. ఇంట్లోవాళ్లు కూడా తీసుకెళ్లిన సమయం, వచ్చిన బండి నంబర్ రాసిపెట్టుకోవాలి, గేటు దగ్గర కెమెరా ఉంటే ఆ ఫుటేజీ తీసి ఉంచాలి.

ఫోన్, ల్యాప్‌టాప్ తీసుకుంటే స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితా అడగండి. సోదాని, స్వాధీనాన్ని వీడియో తీయాలని కొత్త చట్టంలో సెక్షన్ 105 చెప్తోంది.

స్టేషన్‌లో "ఒప్పుకో, వదిలేస్తాం" అనే మాటకి లొంగొద్దు. పోలీసు అధికారి ముందు చేసిన ఒప్పుకోలు కోర్టులో సాక్ష్యం కాదు. కానీ మీరు చెప్పడం వల్ల ఏదైనా వస్తువు దొరికితే దానికి సంబంధించిన మాట వరకు సాక్ష్యమవుతుంది, కాబట్టి "ఎలాగూ చెల్లదు కదా" అని మాట్లాడేయొద్దు.

6. రిమాండ్ రోజు మేజిస్ట్రేట్ ముందు

మిమ్మల్ని కస్టడీకి పంపాలా (రిమాండ్) వద్దా అని మేజిస్ట్రేట్ తేల్చే రోజిది. ఇది చాలా చిన్న సమయం. రాత్రి మేజిస్ట్రేట్ ఇంటి దగ్గరైనా హాజరుపరచొచ్చు. ఆయన లేదా ఆమె మిమ్మల్ని అడుగుతారు: అరెస్టు సంగతి ఇంట్లో తెలుసా, పోలీసులు కొట్టారా, లాయర్ ఉన్నారా. పక్కనే కానిస్టేబుల్ నిలబడి ఉంటాడు, దారిలో "ఏమీ లేదని చెప్పు" అని చెప్పి కూడా ఉండొచ్చు. దెబ్బలుంటే అప్పుడే చెప్పండి, చొక్కా పైకెత్తి చూపించండి, రికార్డులో రాయమని అడగండి. ఆ రోజు "ఏమీ లేదు సార్" అని రికార్డయ్యాక నెల తర్వాత కొట్టారంటే నమ్మించడం చాలా కష్టం.

లాయర్ లేకపోతే లేరని చెప్పండి. అక్కడికక్కడే న్యాయ సేవల నుంచి లాయర్‌ని ఏర్పాటు చేస్తారు. బీపీ, షుగర్ మందులు వాడుతుంటే అదీ చెప్పండి, ఇంట్లోవాళ్లు ప్రిస్క్రిప్షన్ తెచ్చి ఉంచితే మంచిది.

రిమాండ్ రిపోర్టు కాపీ తీసుకోండి. బెయిల్ పిటిషన్ దాని మీదే నడుస్తుంది.

7. బెయిల్: ఏది, ఎప్పుడు, ఎక్కడ

బెయిలబుల్ నేరమైతే బెయిల్ మీ హక్కు, స్టేషన్‌లోనే ఇవ్వాలి. జామీనుదారులు (మీ తరఫున పూచీ ఉండేవాళ్లు) దొరక్క వారం దాటితే, పేదరికం వల్లే ఇవ్వలేకపోతున్నారని భావించి సొంత బాండు మీద వదలాలి.

నాన్ బెయిలబుల్ అయి ఇంకా అరెస్టు కాకపోతే సెక్షన్ 482 కింద ముందస్తు బెయిల్‌కి సెషన్స్ కోర్టుకి గానీ హైకోర్టుకి గానీ వెళ్లొచ్చు. నోటీసు ఇచ్చి పంపించే కేసులో తొందరపడి ముందస్తు బెయిల్ వేసి, అది కొట్టేస్తే పరిస్థితి ఇంకా బిగుస్తుంది, కాబట్టి ఇది లాయర్ ఆలోచించి తీసుకోవాల్సిన నిర్ణయం. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ముందస్తు బెయిల్‌కి నిషేధం ఉంది, ఫిర్యాదు చదవగానే కేసే కనపడని అరుదైన సందర్భాల్లో తప్ప. మాదకద్రవ్యాల కేసుల్లోనూ, ఉగ్రవాద చట్టాల కిందా నియమాలు చాలా కఠినం.

అరెస్టయ్యాక సెక్షన్ 480 కింద మేజిస్ట్రేట్ దగ్గర, 483 కింద సెషన్స్‌లో, హైకోర్టులో అడగొచ్చు.

చాలామంది చేజార్చుకునేది డిఫాల్ట్ బెయిల్. మరణశిక్ష, జీవిత ఖైదు, పదేళ్లు లేదా అంతకుమించి శిక్ష ఉండే నేరాల్లో 90 రోజులు, మిగతావాటిలో 60 రోజులు దాటినా చార్జిషీటు (దర్యాప్తు ముగించి పోలీసులు కోర్టులో వేసే అభియోగపత్రం) వేయకపోతే బెయిల్ హక్కు అవుతుంది, కేసు ఎంత బలంగా ఉన్నా సరే. రిమాండ్ చేసిన రోజుని కూడా కలిపి లెక్కపెట్టాలి. కానీ మీరు అడగాలి, అదీ చార్జిషీటు వేయకముందే అడగాలి. అరవయ్యో రోజు లేదా తొంభయ్యో రోజు ఏ తేదీన పడుతుందో ఇంట్లోవాళ్లు క్యాలెండర్‌లో గుండ్రంగా గీసిపెట్టుకోండి, ఆ మర్నాడు పొద్దున్నే పిటిషన్ సిద్ధంగా ఉండాలి.

జామీనుదారుల విషయంలో ముందే ఏర్పాటు చేసుకోండి. ఆధార్, ఇంటి పన్ను రశీదో జీతం స్లిప్పో, ఫొటోలు, కోర్టు అడిగితే సాల్వెన్సీ సర్టిఫికెట్ (జామీనుదారుడి ఆస్తి స్తోమత చూపే పత్రం). కోర్టు బయట డబ్బుకి దొరికే అద్దె జామీనుదారుల జోలికి పోవద్దు. దొంగ పత్రాలని తేలితే బెయిల్ రద్దవుతుంది, ఫోర్జరీ కేసు కూడా పడుతుంది.

8. బెయిల్ ఉత్తర్వుని గోడకి అంటించుకోండి

నిజంగానే. అందులో షరతులుంటాయి: వారానికోసారి స్టేషన్‌లో సంతకం, పాస్‌పోర్టు అప్పగించడం, జిల్లా దాటకపోవడం, సాక్షుల్ని కలవకపోవడం. సంతకానికి వెళ్లిన ప్రతిసారీ రిజిస్టర్‌లో సంతకం చేశాక తేదీ మీ డైరీలో రాసుకోండి. పెళ్లికో ఆస్పత్రికో ఊరు దాటాల్సి వస్తే ముందే కోర్టు అనుమతి తీసుకోండి, వెళ్లొచ్చాక చెప్పుకోవచ్చులే అనుకోవద్దు.

9. చార్జిషీటు వచ్చాక

ఇక్కడికి వచ్చేసరికి మీ క్రైమ్ నంబర్ కాస్తా మేజిస్ట్రేట్ కోర్టులో సీసీ నంబర్, సెషన్స్‌లో అయితే ఎస్‌సీ నంబర్ అవుతుంది. ఈకోర్ట్స్ యాప్‌లో 16 అంకెలు, అక్షరాల సీఎన్ఆర్ నంబర్ కొట్టి ప్రతి వాయిదా చూసుకోవచ్చు.

చార్జిషీటు, సాక్షుల వాంగ్మూలాలు, పత్రాలు అన్నీ మీకు ఉచితంగా ఇవ్వాలి, మీరు కోర్టుకి హాజరైన 14 రోజుల్లోపు. ఒక పేజీ తగ్గినా తీసుకున్నట్టు సంతకం పెట్టకుండా లాయర్‌తో చెప్పించండి.

మీరు కూడా కూర్చుని చదవండి. లాయర్‌కి వంద ఫైళ్లుంటాయి, ఆ ఘటన గురించి మీకు తెలిసినంత ఆయనకి తెలియదు. ఒక్కో సాక్షి పేరు పక్కన "ఈయన ఆ రోజు ఊళ్లో లేడు", "ఫిర్యాదులో రాయని మాట ఇక్కడ కొత్తగా వచ్చింది" అంటూ గుర్తులు పెట్టి ఇవ్వండి. క్రాస్ ఎగ్జామినేషన్‌కి అదే ముడిసరుకు.

ఈ దశలో మూడు దారులున్నాయి. పోలీసులు వేసిన కాగితాల ప్రకారమే కేసు లేకపోతే, విచారణ లేకుండానే మిమ్మల్ని తప్పించమని అడిగే డిశ్చార్జి పిటిషన్. మేజిస్ట్రేట్ వారంట్ కేసుల్లో కాపీలు అందిన 60 రోజుల్లో, సెషన్స్ కేసుల్లో కమిట్ చేసిన (మేజిస్ట్రేట్ కేసుని సెషన్స్ కోర్టుకి పంపిన) 60 రోజుల్లో వేయాలి, ఇది కొత్త చట్టం పెట్టిన గడువు. రెండోది హైకోర్టులో సెక్షన్ 528 కింద, కేసునే కొట్టేయమని అడిగే క్వాష్ పిటిషన్. అక్కడ మీ సాక్ష్యం తూచరు, ఆరోపణలన్నీ నిజమే అనుకున్నా నేరం అవుతుందా అన్నదే ప్రధానంగా చూస్తారు, కాబట్టి "నేను ఆ రోజు అక్కడ లేను" అనే వాదన అక్కడ నిలబడటం కష్టం. మూడోది రాజీ. రాజీకి వీలున్న సెక్షన్లయితే లోక్ అదాలత్‌లో ముగించొచ్చు.

ఇవేవీ కాకపోతే చార్జి ఫ్రేమ్ చేస్తారు, అంటే మీ మీద విచారించే అభియోగాన్ని కోర్టు ఖరారు చేస్తుంది. జడ్జి చదివి "ఒప్పుకుంటారా" అని అడుగుతారు. "చిన్న కేసే, ఒప్పుకుని ఫైన్ కట్టేస్తే పోతుంది" అని పక్కనున్నవాళ్లు చెప్తారు. అది నేర నిర్ధారణ కిందే లెక్క, ఉద్యోగం వెరిఫికేషన్‌లో బయటపడుతుంది. లాయర్‌తో మాట్లాడకుండా ఆ మాట అనొద్దు.

10. వాయిదాలు, పొరపాటైతే దిద్దుకోవడం

వాయిదా రోజు పదిన్నరకల్లా కోర్టులో ఉండండి. పేరు పిలిచినప్పుడు టీ తాగడానికి వెళ్లి ఉంటే గైర్హాజరు పడిపోతుంది. రాలేకపోతే ముందురోజే లాయర్‌కి చెప్తే ఆయన గైర్హాజరు పిటిషన్ వేస్తారు. కోర్టు హాళ్లలో దాన్ని ఇంకా 317 పిటిషన్ అనే అంటారు, కొత్త సెక్షన్ 355.

- వాయిదా మిస్సై నాన్ బెయిలబుల్ వారంట్ వచ్చిందా: పోలీసులు వచ్చేదాకా ఆగొద్దు. లాయర్‌తో వెళ్లి లొంగిపోయి, ఆస్పత్రి కాగితాల్లాంటి ఆధారంతో వారంట్ రీకాల్ (వెనక్కి తీసుకోమని అడిగే) పిటిషన్ వేయండి. మీ అంతట మీరు వస్తే కోర్టు చూసే తీరే వేరు.
- స్టేషన్‌లో తెలియని కాగితం మీద సంతకం పెట్టారా: ఎప్పుడు, ఎవరి ముందు, ఎన్ని కాగితాలో రాసి వెంటనే లాయర్‌కి చెప్పండి. ఆలస్యం చేయకుండా కోర్టు దృష్టికి తీసుకెళ్లాలి.
- మెసేజ్‌లు డిలీట్ చేశారా: లాయర్‌కి దాచొద్దు. బ్యాకప్ ఉంటే దాన్ని ముట్టుకోకుండా ఉంచండి.
- లాయర్ సరిగ్గా పట్టించుకోవట్లేదా: గొడవ లేకుండా ఫైలు, వేరే లాయర్‌ని పెట్టుకోవడానికి అభ్యంతరం లేదనే పత్రం తీసుకుని మారండి. సాక్షి క్రాస్ ముందురోజు మాత్రం మార్చొద్దు.

11. ఉద్యోగం, పాస్‌పోర్టు

ప్రభుత్వ ఉద్యోగి 48 గంటలకి మించి కస్టడీలో ఉంటే సస్పెన్షన్ కింద లెక్కిస్తారు. ఆఫీసుకి సమాచారం దాస్తే అది వేరే క్రమశిక్షణ చర్య అవుతుంది. కొత్త ఉద్యోగం దరఖాస్తులో కేసుల గురించి అడిగితే ఉన్నది రాయండి. కేసు కన్నా దాచడమే ఎక్కువమంది ఉద్యోగాలు తీసేస్తోంది. కోర్టులో కేసు పెండింగ్‌లో ఉంటే పాస్‌పోర్టుకి, విదేశీ ప్రయాణానికి ఆ కోర్టు అనుమతి కావాలి, దానికి ఇన్విటేషన్, టికెట్ వివరాలు జతచేసి పిటిషన్ వేయాలి.

12. తీర్పు రోజు

శిక్ష పడినా అదే ఆఖరు కాదు. బెయిల్ మీద ఉన్నవాళ్లకి మూడేళ్ల వరకు శిక్ష పడితే అప్పీలు వేసుకునేదాకా అదే కోర్టు బెయిల్ ఇవ్వొచ్చు, కాబట్టి ఆ రోజు జామీనుదారుల్ని కోర్టుకి తెచ్చుకోండి. మేజిస్ట్రేట్ తీర్పు మీద సెషన్స్ కోర్టుకి అప్పీలుకి గడువు 30 రోజులు.

కేసు కొట్టేస్తే సంతోషంలో ఇంటికి వెళ్లిపోకుండా ఆ రోజే తీర్పు సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టండి, నాలుగైదు కాపీలు తీసుకోండి. స్వాధీనం చేసుకున్న ఫోన్, బండి, కోర్టులో పెట్టిన పాస్‌పోర్టు, కట్టిన డిపాజిట్ తిరిగి ఇమ్మని విడిగా అడగాలి, వాటంతట అవి రావు. ఒక కాపీ స్టేషన్‌లో ఇచ్చి రికార్డులో కేసు కొట్టేసినట్టు నమోదు చేయమని దరఖాస్తు పెట్టి, అందినట్టు ముద్ర వేయించుకోండి.